ఆ గర్జన నాది

డైనోసార్ ఎలా అరుస్తుందో ఈ దేశంలో సగం మందికి నేర్పింది నేనే. నా పేరు భ్రమరాంబ. పేరు మీరు విని ఉండరు, అరుపు మాత్రం వినే ఉంటారు. ఆదివారం పొద్దున టీవీలో ఓ అడవి, కుండపోత వాన, వెనకాల నిప్పులు కక్కుతున్న అగ్నిపర్వతం, ముందు కొండంత బల్లి ఒకటి నోరు తెరుచుకుని కెమెరా మీదికొచ్చి, మీ పిల్లల చేతిలో ఇడ్లీ జారిపడేలా అరిచిందనుకోండి. ఆ అరుపు కృష్ణానగర్‌లో మా ఇంటి కింద ఉన్న స్టూడియోలో పుట్టిందే.

చెయ్యడం పెద్ద కష్టమేం కాదు. ఇత్తడి గంగాళం బోర్లించి దాని అంచుని తడి తోలు బెల్టుతో గట్టిగా రుద్దాలి. దానికి ఈనబోయే గేదె మూలుగు కలపాలి. లారీ గాలి బ్రేకు వదిలినప్పటి బుస్సుని కాస్త తగిలించి, మొత్తాన్ని సగం వేగానికి తగ్గిస్తే చాలు. ముంబై నుంచి, మద్రాసు నుంచి డాక్యుమెంటరీల వాళ్ళు వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు. అందరూ అడిగేది ఒకటే, ఇంకా భయంగా చెయ్యండి మేడమ్ అని. నిద్రపోతున్న డైనోసార్‌కి శబ్దం కావాలని ఇంతవరకూ ఒక్కడూ అడగలేదు. వాళ్ళ లెక్కన ఆ జంతువులు కోట్ల ఏళ్ళపాటు తిండీ నిద్రా మానేసి కొట్టుకుంటూనే ఉన్నాయి.

ఇంట్లో నన్ను ఉతికి ఆరేసేది మా అమ్మాయి శర్వాణి. చిన్నప్పుడే అడిగింది, "అమ్మా, మన వీధి పిల్లి ఎలకని పట్టుకునే ముందు మ్యావ్ అంటుందా?" అని.

"అనదు. ఎందుకే?"

"మరి నీ డైనోసార్ మీదపడే ముందు అంతలా అరిస్తే దానికి తిండెలా దొరుకుతుంది? మిగతా జంతువులు పారిపోవూ?"

"డైరెక్టర్‌ని అడుగు పోవే," అన్నాను. నాకు జవాబు తెలీక కాదు, పనిలో ఉండి. అది మాత్రం అక్కడితో వదల్లేదు. రాళ్ళ చదువు చదివింది, ఎముకల చదువు చదివింది, చివరికి ఆ జంతువుల నిజమైన గొంతు వినడానికి ఒక యంత్రమే కట్టుకుంది. లేబొరేటరీలో అందరూ దాన్ని మట్టిచెవి అంటారు.

ఓ మధ్యాహ్నం టిఫిన్ క్యారియర్ పట్టుకుని అక్కడికి వెళ్ళాను. పళ్ళెంలాంటి బల్ల మీద తలుపు రెక్కంత రాయి ఉంది. ప్రాణహిత ఒడ్డున దొరికింది. పొడుగు మెడ జంతువొకటి ఒండ్రుమట్టిలో కూరుకుపోయి, గొంతు దాకా మునిగి, అక్కడే చచ్చిపోయింది. దాని గొంతెముకలు ఇంకా ఆ రాతిలోనే ఉన్నాయి. మునుగుతూ అది పిలిచిన ప్రతిసారీ చుట్టూ ఉన్న మట్టి వణికి, సన్న రేణువులు వరసలుగా సర్దుకున్నాయట. మీద ఇంకో పొర పడి ఆ వరసల్ని కప్పేసిందట. మట్టిచెవి చేసేదల్లా ఆ వరసల్ని చదివి, ఏ వణుకుకి అలా సర్దుకున్నాయో వెనక్కి లెక్కగట్టడమే.

నేను చూస్తుండగానే ఎర్రటి లేజరు గీత రాతి మీద పాకింది. అది పాకిన మేర రాయి పిండిలా రాలి కింద రేకులో పడింది. నా ప్రాణం ఉసూరుమంది.

"అదేమిటే, అరగదీసేస్తోంది?"

"చదివిన పొర ఇక ఉండదమ్మా. గీకితేగానీ కింది పొర కనపడదు."

"అయితే మళ్ళీ చదవాలంటే?"

"చదవలేం. ఇలాంటి రాయి ఇంకోటి ఎక్కడా లేదు. ఈ రాయి అయిపోయాక మిగిలేది ఆ శబ్దం ఒక్కటే." పప్పన్నం కలుపుకుంటూ మామూలుగానే చెప్పింది.

ఆ యంత్రం ఖర్చంతా పెట్టుకున్నది ఒక టీవీ ఛానల్. వాళ్ళ తరఫున డైరెక్టర్ ప్రద్యుమ్న వచ్చేవాడు. ముప్పై ఐదేళ్ళుంటాయి, మర్యాదస్తుడే, కానీ కళ్ళెప్పుడూ ఫ్రేములు కట్టుకుంటూ ఉంటాయి. అతని షరతు ఒక్కటే. ఆ గొంతుని ముందుగా ఎవరూ వినకూడదు, శర్వాణి కూడా. కెమెరా ముందే మొదటిసారి వినాలి, ముఖంలో ఆశ్చర్యం నిజంగా కనపడాలి.

"గర్జన రాగానే మొసళ్ళు తలలెత్తాలి," అన్నాడు మా ఇంట్లో కాఫీ తాగుతూ. "మొసళ్ళకీ డైనోసార్లకీ చుట్టరికం ఉందని మీరే అన్నారుగా శర్వాణి గారూ. మంజీర ఒడ్డున పెట్టుకుందాం."

"గర్జన అని ముందే అనుకోకండి. అది ఆకులు తినే జంతువు," అంది మా అమ్మాయి.

"ఆకులు తినేవాళ్ళకి కోపం రాదా అండీ? మా నాన్నగారు శుద్ధ శాకాహారి, ఇల్లెగిరిపోయేలా అరుస్తారు."

ముగ్గురం నవ్వుకున్నాం. అతను వెళ్ళాక శర్వాణి నా పక్కన కూర్చుంది. "ఒక్కసారి జనం నిజం వినాలమ్మా. నీ గంగాళాన్ని కాదు, దాన్ని." నాకు ఒళ్ళు మండింది, ఎంతైనా నా అన్నం అది. కానీ దాని మొహం చూస్తే ఏమీ అనబుద్ధి కాలేదు. దానికి ఈ లోకంలో కావాల్సింది అదొక్కటే, ఆ గొంతు వినడం. అందుకే సౌండు పని నేనే చేస్తానని నోరు తెరిచి అడిగి మరీ బయల్దేరాను.

మంజీర డ్యాం వెనక నిలిచిన నీళ్ళ దగ్గర ఆ రోజు ఎండ చక్కగా ఉంది. అవతల ఇసుక తిన్నె మీద మొసళ్ళు పడుకుని ఉన్నాయి, ఎండకి ఆరేసిన గోనెసంచుల్లాగా. ఫారెస్టు వాళ్ళు నీళ్ళలో ఎవరూ దిగొద్దని ఒకటికి రెండుసార్లు చెప్పి మరీ అనుమతిచ్చారు. గట్టు మీద డేరా కింద శబ్దాలు కలిపే నా మిక్సర్ పెట్టుకున్నాను. నీళ్ళలో పనిచేసే స్పీకర్‌ని ఇనప కాళ్ళ మీద నిలబెట్టి, కెమెరామన్ ఖాజా పొడుగు గెడతో నడుం లోతు దాకా తోశాడు. తిన్నె వైపు నుంచి వచ్చే చప్పుళ్ళు పట్టడానికి ఇంకాస్త లోపలికి ఒక నీళ్ళ మైకు కూడా వదిలాం.

బయట షూటింగుకి వెళ్తే నేను మొదట నొక్కేది మైకు మీద లో-కట్ మీట. గాలి హోరు, జనరేటర్ గుర్రు, ఇలాంటి మరీ లోతైన శబ్దాలన్నిటినీ అది కోసేస్తుంది. మా పనిలో అందరికీ అదే అలవాటు. ఆ రోజూ నొక్కాను.

ప్రద్యుమ్న చెయ్యి ఊపాడు. శర్వాణి కెమెరా ముందు నిలబడి చేతులు కట్టుకుంది. నేను మీట వేశాను.

ఏమీ రాలేదు.

మళ్ళీ వేశాను. చెవులకి హెడ్‌ఫోన్లు నొక్కిపెట్టుకుని విన్నాను. నీళ్ళ గలగల తప్ప ఏమీ లేదు. మిక్సర్ మీద శబ్దం కొలిచే ముల్లు మాత్రం ఆడుతోంది, అదీ బాగా అడుగున. జనరేటర్ గుర్రు ఎక్కడో కలుస్తోందని అనుకున్నాను. వాల్యూమ్ పెంచమన్నాడు ప్రద్యుమ్న. పెంచాను. ముల్లు ఇంకా ఊగింది, చెవికి మాత్రం ఏమీ లేదు.

"కేబుల్ పోయినట్టుంది," అన్నాడతను. "తిన్నె మీద ఒక్కటి కూడా కదల్లేదు చూడండి. అరుపు వచ్చుంటే ఇలా పడుకుంటాయా?"

శర్వాణి మొహం పాలిపోయింది. రాయి పిండైపోయింది. ఆ ఫైల్లో ఏమీ లేకపోతే ఇన్నేళ్ళ పనీ గాలికి పోయినట్టే. చెప్పులు విప్పేసి నీళ్ళలోకి నడిచింది.

"శర్వాణీ, ఆగవే. వద్దన్నారు కదా."

"నడుం లోతేనమ్మా. అతుకు చూసొచ్చేస్తా. నువ్వు ఆపకు, వేస్తూనే ఉండు. లేకపోతే తెగిందో లేదో తెలీదు."

ప్రద్యుమ్న ఆమెని ఆపలేదు. ఖాజాకి కెమెరా అటు తిప్పమని సైగ చేశాడు. నేనూ ఆపలేదు. మొసలి మీదకొచ్చే ముందు ఏదో ఒక చప్పుడు చేస్తుందనే మా అందరి ధీమా. ఇంతకాలం టీవీలో చూసింది అదే కదా. నిశ్శబ్దంగా ఉంటే ఏ ప్రమాదమూ లేనట్టే అనుకున్నాం, నాతో సహా.

స్పీకర్ దగ్గరికి వెళ్ళి కేబుల్ తడిమింది. తర్వాత చప్పున నిలబడిపోయింది.

"అమ్మా, నీళ్ళు చూడు."

దాని చుట్టూ నీళ్ళ మీద సన్నటి చినుకులు పైకి లేస్తున్నాయి, వేడి పెనం మీద నీళ్ళు చల్లినట్టు. కాసేపు లేచి ఆగుతున్నాయి, మళ్ళీ లేస్తున్నాయి. శర్వాణి గుండెల మీద అరచెయ్యి పెట్టుకుంది. దాని మొహం అలా వెలిగిపోవడం నేనెప్పుడూ చూడలేదు.

"వస్తోందమ్మా. ఇందాకట్నించీ వస్తూనే ఉంది. చెవికి అందనంత కింద ఉంది, అంతే. నాకిక్కడ తెలుస్తోంది."

చెవికి అందనంత కింద అనగానే నా వేలు లో-కట్ మీదికి పోయింది. మీట ఎత్తేశాను. నీళ్ళ మైకు ముల్లు ఒక్కసారిగా కొసకి కొట్టుకుంది. మా పిలుపుకి కొట్టుకోవడంలో వింతేం లేదు. కానీ మా పిలుపు ఆగి స్పీకర్ ఊరుకున్నప్పుడు కూడా ముల్లు ఊగింది. మళ్ళీ మా పిలుపు, ఆగడం, ఆ ఖాళీలో మళ్ళీ ముల్లు.

ఏదో జవాబిస్తోంది.

తలెత్తి తిన్నె వైపు చూశాను. ఖాళీగా ఉంది. ఒక్క మొసలీ లేదు. అవి ఎప్పుడు నీళ్ళలోకి జారాయో మాలో ఒక్కరూ చూడలేదు. అందరం శర్వాణినే చూస్తున్నాం.

"శర్వాణీ, బయటికి రా. మొసళ్ళు దిగాయి, వచ్చెయ్."

అది అప్పటికే ఊపిరి బిగబట్టి తల నీళ్ళలో ముంచేసింది. నీళ్ళ లోపల ఇంకా బాగా తెలుస్తుందని కాబోలు. నేను గొంతు చించుకుని అరిచాను. ప్రద్యుమ్న నోటి మీద వేలు పెట్టి, టేక్ నడుస్తోందని సైగ చేశాడు. అతన్ని అక్కడే చంపేయాలనిపించింది. అప్పుడు కనపడింది, శర్వాణి వీపు వెనక నీళ్ళని కోసుకుంటూ నల్లటి గీత. ఏ చప్పుడూ లేదు, ఏ తొందరా లేదు. తిన్నగా స్పీకర్ వైపు వస్తోంది.

పిలుపు ఆపినా లాభం లేదు, అది ఎక్కడికి రావాలో దానికి ముందే తెలిసిపోయింది. నా మిక్సర్‌లో ఇంకో ట్రాక్ ఉంది. ఏదైనా తేడా వస్తే పనికొస్తుందని ప్రద్యుమ్న పట్టుబట్టి తెప్పించిన నా పాత గర్జన. ఆ స్పీకర్ ఎంత పెద్దగా మోగగలదో నాకు తెలుసు. దాని పక్కనే నీళ్ళలో నా కూతురి రెండు చెవులూ ఉన్నాయనీ తెలుసు. తెలిసే ఆ గర్జన వాల్యూమ్ పెంచే ఫేడర్‌ని కొస దాకా తోశాను.

నీళ్ళు ఉడికినట్టు లేచాయి. ఆ మొసలి వెనక్కి తిరగబడి తోకతో నీళ్ళని బాది మాయమైంది. ఇంకో రెండు, మూడు చోట్ల కూడా నీళ్ళు చిందాయి, అంటే అన్ని వచ్చి ఉన్నాయన్నమాట. ఖాజా కెమెరా అక్కడే వదిలేసి నీళ్ళలోకి పరుగెత్తి శర్వాణిని చంకల కింద పట్టుకుని గట్టుకి ఈడ్చుకొచ్చాడు. దాని చెవుల నుంచి నెత్తురు కారుతోంది. నా మొహం పట్టుకుని, "అమ్మా, ఏమైంది? ఏదో ఒకటి చెప్పు, మాట్లాడవేం?" అంటోంది. నేను మాట్లాడుతూనే ఉన్నాను.

డాక్టర్లు ఏవేవో యంత్రాలు పెట్టి చూశారు. చెవి లోపలి నరం దెబ్బతిందన్నారు, రెండు వైపులా. ఏ మిషన్ పెట్టినా లాభం ఉండకపోవచ్చన్నారు. నేను ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. ప్రాణం కాపాడావు కదా అని వచ్చినవాళ్ళందరూ అన్నారు. అనడం తేలిక. తెల్లారి లేస్తే ఆ పిల్ల నా పెదాల వంక చూస్తూ కూర్చుంటుంది, నేను దేని వంక చూడాలి?

తర్వాత ఫోన్ ఒకటి అలవాటు చేసుకుంది. ఎదుటివాళ్ళు మాట్లాడితే దాని తెర మీద అక్షరాలు పడతాయి. నాతో ఒక్కసారి కూడా ఎందుకిలా చేశావని అనలేదు. నేనే ఒక రోజు ఉండబట్టలేక, క్షమించవే అన్నాను. తెర చదివి నా చెయ్యి గిల్లింది. "తల నీళ్ళలో పెట్టింది నేను. నువ్వు ఇంకో క్షణం ఆలోచించి ఉంటే ఆ తల కూడా ఉండేది కాదు. ఇక ఈ మాట ఎత్తకు," అంది. ఎత్తలేదు గానీ మరవనూ లేదు.

ప్రద్యుమ్న పండ్ల బుట్ట పట్టుకుని ఇంటికొచ్చాడు. స్టూడియోలో కూర్చోబెట్టాం. మనిషి నలిగిపోయి ఉన్నాడు, అది నటన కాదు. కానీ విషయం ఆ పండ్ల కింద ఉంది.

"ఆ షాట్ చూసి ఛానల్లో అందరూ లేచి నిలబడ్డారండీ. గర్జన రావడం, మొసళ్ళు చెల్లాచెదురవడం. ఇలాంటిది ఇంతవరకూ ఎవరూ తియ్యలేదు. వచ్చే వారం వేస్తున్నాం."

"ఆ గర్జన నాది బాబూ. గంగాళమూ, గేదే," అన్నాను.

"తెలుసు మేడమ్. మనకి తెలుసు." గొంతు తగ్గించాడు. "మొసళ్ళకి తెలీదు కదా? నిజంగానే పారిపోయాయి. శర్వాణి గారి వైద్యం, కొత్త యంత్రం, అన్నీ ఛానల్ చూసుకుంటుంది. మీరు ఆ ఒక్క మాట బయట అనకపోతే చాలు."

నాకు చేతిలో ఉన్న గ్లాసు విసిరికొట్టాలనిపించింది. దాని చెవులు తీసుకున్న అరుపు, దాని జంతువు గొంతు కూడా తీసుకుపోతుందన్నమాట. ఇక ఏ పుస్తకంలో చూసినా, ఏ టీవీలో విన్నా మంజీరలో మోగిన ఆ గర్జనే నిజం అవుతుంది. రాయి లేదు, మళ్ళీ చదివి చూపించడానికి. నేను నోరు తెరిచేలోపు శర్వాణి నా మోకాలి మీద చెయ్యి వేసి ఆపింది. తెర మీద అతని మాటలన్నీ చదివింది. లేచి వెళ్ళి గది మూలన ఉన్న పెద్ద స్పీకర్ పెట్టెల వైపు వేలు చూపించింది. మరీ లోతైన శబ్దాల కోసం సినిమా వాళ్ళకి వాడేవి, నా నడుం ఎత్తు ఉంటాయి.

"అసలుది పెట్టమ్మా," అంది. "ఆయన ఇంతవరకూ వినలేదు."

పెట్టాను. శర్వాణి వచ్చి అతనికి ఎదురుగా కూర్చుంది.

ప్రద్యుమ్న కొంచెంసేపు మర్యాదగా చెవి అటు పెట్టి కూర్చున్నాడు. "మొదలైందా?" అని అడిగాడు. కాలు మీద కాలు తీసేశాడు. మెడ తడుముకున్నాడు. వెనక్కి తిరిగి తలుపు వైపు చూశాడు, అక్కడెవరూ లేరు. మళ్ళీ చూశాడు. ఏసీ నడుస్తూనే ఉంది, అతని పై పెదవి మీద చెమట. నాకూ ఎవరో చీకటి గదిలో పక్కనే నిలబడి ఉన్నట్టనిపించింది. అది పిలుస్తుంది, ఆగుతుంది, మళ్ళీ పిలుస్తుంది. ఆగినప్పుడే ఎక్కువ భయం వేసింది నాకు. భయం ఒక్కటే కాదు, జాలి కూడా. మునిగిపోతూ ఎవరైనా వస్తారేమోనని అది ఆగి చూసిన ఖాళీలు అవి.

శర్వాణి చెయ్యెత్తింది. ఆపేశాను. ప్రద్యుమ్న రెండు చేతులతో కుర్చీ పట్టుకుని ఉన్నాడు.

"ఏం వినపడింది?" అని అడిగింది.

అతను గొంతు సవరించుకున్నాడు. "ఏమీ వినపడలేదండీ. ఏమీ లేదు. కానీ..." మళ్ళీ తలుపు వైపు చూశాడు.

శర్వాణి తెర మీద పడిన అక్షరాలు చదువుకుంది. ఆసుపత్రి నుంచి వచ్చాక మొదటిసారి దాని మొహంలో నవ్వు చూశాను.

"నాకూ సరిగ్గా అంతే వినపడింది, ప్రద్యుమ్న గారూ."

అతను జేబులోంచి రుమాలు తీశాడు. మొహం తుడుచుకున్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "ఇంకోసారి పెట్టండి మేడమ్," అన్నాడు.

పెట్టాను.